స్టైన్‌మెట్జ్ - మనిషికి తగిన చోటు

విద్యుత్తు పాఠం చదివిన వాళ్ళకి స్టైన్‌మెట్జ్ సూత్రం కొత్త కాదు. ఇనుములో అయస్కాంత దిశ మారినప్పుడల్లా వేడిగా పోయే శక్తిని లెక్కగట్టే సూత్రం అది. పరీక్షలో రాస్తాం, మార్కులు తెచ్చుకుంటాం. దాని వెనక ఉన్న మనిషి మాత్రం మనలో చాలామందికి తెలియదు.

ఆయన 1865లో అప్పటి ప్రష్యాలోని బ్రెస్లావ్‌లో పుట్టాడు. గూని వీపు, తుంటి లోపం తండ్రి తాతల నుంచి వచ్చినవి. ఎదిగినా మనిషి సుమారు 4 అడుగులే. యూనివర్సిటీలో గణితం చదువుతూ సోషలిస్టు పత్రిక పనిలో దిగాడు. పోలీసులు వెంటపడటంతో 1888లో దేశం వదిలి, మరుసటి ఏడు న్యూయార్క్ చేరాడు. రేవులో అధికారులు ఆ ఆకారం చూసి సందేహించారు. వెంట వచ్చిన మిత్రుడు పూచీ పడ్డాక గానీ లోపలికి రానివ్వలేదు. తోటి విద్యార్థులు పెట్టిన ప్రోటియస్ అనే మారుపేరును అక్కడ తన పేరులోనే కలిపేసుకుని చార్లెస్ ప్రోటియస్ అయ్యాడు.

యాంకర్స్ పట్టణంలో ఐకమేయర్ అనే కర్మాగారం యజమాని ఆయనకు వారానికి 12 డాలర్ల మీద డ్రాఫ్ట్స్‌మన్ పని ఇచ్చాడు. ఈ యజమాని కూడా 1848 విప్లవం తర్వాత జర్మనీ వదిలి వచ్చినవాడే. కుర్రాడి బుర్ర గమనించి ప్రయోగాలకు వసతి కల్పించాడు. 1892లో పైన చెప్పిన సూత్రం అక్కడి నుంచే లోకానికి వచ్చింది.

ఆయన్ని చూడడానికి జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ తరఫున ఎడ్విన్ రైస్ అనే అధికారి వచ్చాడు. బల్ల మీద మఠం వేసుకుని, నోట్లో చుట్టతో ఉన్న ఆ పొట్టి మనిషిని చూసి మొదట తెల్లబోయాడట. మాట కలిపాక ఆ సంగతే మరిచిపోయాడు. ఐకమేయర్ కంపెనీని కొన్నప్పుడు స్టైన్‌మెట్జ్‌ని కూడా తీసుకున్నారు.

స్కెనెక్టడీలో కంపెనీ ఆయన్ని తమ మూసలో ఇరికించాలని చూడలేదు. 1900లో మొదలైన కంపెనీ పరిశోధనశాల తొలి మకాం ఆయన ఇంటి వెనక కొట్టమే! వేసవిలో చిన్న పడవలో మోకాళ్ళ మీద కూర్చుని, అడ్డంగా పలక వేసుకుని లెక్కలు చేసుకునేవాడు. 1923లో కన్నుమూసేనాటికి ఆయన పేర 200 దాకా పేటెంట్లు ఉన్నాయి.

ఆయన మేధావి కాబట్టి సరిపోయింది. మరి మేధావి కాని సామాన్య వికలాంగుడి మాటేమిటి? అసలు ప్రశ్న ఇదే. ఐకమేయర్ పని ఇచ్చిన నాటికి స్టైన్‌మెట్జ్ పేరూ ఊరూ లేని పరదేశి. ఆ రోజు ఆ యజమాని చూసింది కీర్తిని కాదు, పని చెయ్యగల చేతిని. మన దేశంలో 2016 చట్టం ప్రభుత్వోద్యోగాల్లో వికలాంగులకు 4 శాతం కేటాయించి, వారికి తగిన సదుపాయాలు కల్పించాలని కూడా చెప్పింది. చట్టం కుర్చీ ఇప్పిస్తుంది. ఆ కుర్చీ ఎత్తు సరిపోయిందా అని అడగవలసింది మాత్రం పై అధికారే.

రేపు మనలో కొందరం ఆ అధికారి స్థానంలో కూర్చుంటాం. ఎదురుగా ఒక స్టైన్‌మెట్జో, ఒక మామూలు మనిషో నిలబడతాడు. మొదట తెల్లబోతే తప్పులేదు. అక్కడే ఆగిపోతే తప్పు.