దేహం అలసినా ఆగని భగీరథుడు

గోదావరిలో స్నానమాచరించి సంకల్పం చెప్పుకొనే వేళ కోనసీమ పండితులు కొందరు ఒక ఆంగ్లేయుని పేరును కూడా భక్తితో స్మరిస్తారు. ఆయనే సర్ ఆర్థర్ కాటన్. గంగను భువికి దింపిన భగీరథునితో పోల్చి, ఆయనను అపర భగీరథుడని పిలుచుకుంటున్నాం. ధవళేశ్వరం ఆనకట్ట గురించి తెలియని వారు మన ప్రాంతంలో లేరు. అయితే ఆ మహాకార్యానికి పూనుకున్న నాటికే ఆయన శరీరం వ్యాధులతో నలిగి ఉన్నదనీ, ఆ బాధల నడుమ ఆయనకు ఆలంబనగా నిలిచింది దైవవిశ్వాసమేననీ ఎరిగినవారు తక్కువ.

1803 మే 15న జన్మించిన కాటన్ 1821లో మద్రాసు చేరుకున్నారు. అప్పటికి ఆయనకు పద్దెనిమిదేళ్లు. ఈస్టిండియా కంపెనీ ఇంజనీరుగా ఎండలోనూ అడవులలోనూ తిరిగిన ఆయనను అనారోగ్యం వెంటాడింది. కొల్లిడం నదిపై 1836లో ఆనకట్టలు నిర్మించి తంజావూరు సీమను కాపాడిన అనంతరం ఆరోగ్యం దెబ్బతినడంతో, ఆస్ట్రేలియా చెంతనున్న టాస్మేనియా దీవికి వెళ్లవలసి వచ్చింది. అక్కడే 1841లో ఎలిజబెత్ లెర్‌మంత్‌ను వివాహమాడారు. తిరిగివచ్చి గోదావరి తీరాన్ని పరిశీలించారు. 1833 నాటి కరవు, 1839 నాటి తుపాను జిల్లాను కుంగదీసిన రోజులవి. చెంతనే జీవనది పారుతున్నా ప్రజలు ఆకలితో మరణించడం ఆయన హృదయాన్ని కలచివేసింది.

1847లో ఆనకట్ట పనులు మొదలయ్యాయి. మరుసటి ఏడే ఆరోగ్యం మళ్లీ క్షీణించింది. పని మధ్యలో ఉండగా బాధ్యతలను కెప్టెన్ ఓర్‌కు అప్పగించి ఆస్ట్రేలియా వెళ్లక తప్పలేదు. తలపెట్టిన పనిని మరొకరి చేతిలో పెట్టి ఓడ ఎక్కడం కర్మిష్ఠికి ఎంతటి పరీక్షో ఊహించవచ్చు. 1850లో ఆయన మరలి వచ్చారు. 1852లో ఆనకట్ట పూర్తయింది.

ఆ జలాలు రాజోలు సీమకు చేరడానికి వైనతేయ పాయ అడ్డు నిలిచింది. గన్నవరం వద్ద లెఫ్టినెంట్ హేగ్ ఆధ్వర్యంలో 49 కమానులతో నిర్మించిన అక్విడక్టు ఆ నదిని దాటించి కాలువ నీటిని ఆవలి పొలాలకు అందించింది. తరువాత 2000లో దాని చెంతనే వెలసిన కొత్త అక్విడక్టుకు, అదే ఊరి అన్నపూర్ణ డొక్కా సీతమ్మ పేరు పెట్టుకున్నాం. నీరిచ్చినవారిని, అన్నం పెట్టినవారిని ఒకే చోట తలచుకొనే భాగ్యం మనది.

కాటన్ నిష్ఠగల క్రైస్తవుడు. వ్యాధి కలిగినంత మాత్రాన దేవుడు విడనాడినట్లు కాదనీ, క్రీస్తు తానే దేహబాధను అనుభవించి మృత్యువును జయించాడు గనుక మరణం అంతిమం కాదనీ ఆ మతం బోధిస్తుంది. ఈ ఆశనే తెలుగు క్రైస్తవులు నిరీక్షణ అంటారు. దేహం విడిచివేసే జీర్ణవస్త్రం వంటిదని మన పెద్దలు చెబుతారు. ఆ దేహమే మహిమతో తిరిగి లేస్తుందని వారు నమ్ముతారు. దారులు వేరైనా, దేహం శిథిలమైనప్పుడు మనిషి ధైర్యం కోల్పోరాదన్న చోట రెండూ కలుస్తాయి. కాటన్ నిరీక్షణ చేతులు ముడుచుకొని కూర్చునేది కాదు. ఆరోగ్యం కుదుటపడిన ప్రతిసారీ ఆయన తిరిగి పనిలోకే వచ్చారు.

1861లో సర్ బిరుదు పొందిన కాటన్, ఉద్యోగ విరమణ అనంతరం ఇంగ్లండులోని డార్కింగ్‌లో స్థిరపడ్డారు. రైలు మార్గాలకన్నా కాలువలే ఈ దేశానికి మేలని ఆయన వాదించారు. 1878లో పార్లమెంటు సంఘం ఎదుట ఆయన వాదాన్ని తీవ్రంగా ప్రశ్నించారు. ఆయన కోరిన రీతిలో కాలువలు రాలేదు. వృద్ధాప్యంలో ఇలాంటి తిరస్కారం దేహబాధకన్నా బరువైనది. అయినా ఆయన కలం ఆగలేదు. ఎనభై దాటాక కూడా తన ఇంటివద్ద నేలను లోతుగా తవ్వి, అధికంగా గోధుమ పండించే ప్రయోగాలు చేశారు. యౌవనంలోనే వ్యాధి కుంగదీసిన ఆ శరీరం తొంభై ఆరేళ్లు నిలిచింది. 1899 జూలైలో ఆయన కన్నుమూశారు. మరుసటి ఏడు ఆయన కుమార్తె లేడీ హోప్ తండ్రి జీవితచరిత్రను వెలువరించారు.

పాత ఆనకట్ట స్థానంలో 1982 నాటికి కొత్త బ్యారేజీ వచ్చి, కాటన్ పేరునే ధరించింది. ఏటా మే 15న గోదావరి పల్లెల్లో ఆయన విగ్రహాలకు పూలమాలలు వేస్తారు. మోకాళ్లు సహకరించక, చూపు మందగించి, ఇక తమవల్ల ఏమవుతుందని నిట్టూర్చే పెద్దలు మన ఇళ్లలో ఉంటారు. వారి చేత చిన్న మొక్కను నాటించినా, మనుమలకు నాలుగు మంచి మాటలు చెప్పించినా ఆ పూలమాల సార్థకమవుతుంది. మిగిలిన శక్తి కొంచెమే కావచ్చు. అదీ భగవంతుడు ఇచ్చినదే కదా!