శిలకు శ్లోకం సాక్ష్యం : కలంబూరు శివరామమూర్తి జీవితం - పరిశోధన

దేవాలయంలోనో స్తూపప్రాకారంలోనో ఉన్న శిల్పానికి తన చోటే ఒక వ్యాఖ్యానం. ఎడమ పక్కనున్న మూర్తి, కుడి పక్కనున్న స్తంభం, ప్రదక్షిణం చేసే భక్తుని నడక, ఇవన్నీ దాని అర్థాన్ని నిర్ణయిస్తాయి. అదే శిల్పం ప్రదర్శనశాలకు చేరిన నాడు ఈ సంబంధాలన్నీ తెగిపోతాయి. మిగిలేది ఒక రాయి, దాని కింద ఒక సంఖ్య, ఒకటి రెండు పంక్తుల పరిచయం. ఆ పరిచయవాక్యం ఎవరు వ్రాయాలి? ఏ ప్రమాణంతో వ్రాయాలి? ఈ ప్రశ్నకు సంస్కృత విద్య ద్వారా సమాధానం చూపిన పండితులలో కలంబూరు శివరామమూర్తి అగ్రగణ్యులు. ఆయన పుట్టుకతో తమిళ దేశీయులు. అయినా ఆయనకు పండిత లోకంలో తొలి ప్రతిష్ఠను తెచ్చినవి ఆంధ్రదేశపు శిల్పాలే. అందుచేత ఆయన జీవితం తెలుగు పరిశోధకులకు కూడా పరిశీలింపదగినది.

శివరామమూర్తి 1909లో జన్మించారు. వారిది మహాపండితుడు అప్పయ్య దీక్షితుల వంశం. తండ్రి సుందరశాస్త్రి ప్రభుత్వోద్యోగి, సంస్కృత పండితులు. ఇంటిలో లభించిన కావ్యపరిచయానికి మద్రాసు విశ్వవిద్యాలయంలో చేసిన సంస్కృతాధ్యయనం తోడయింది. దీనితోబాటు ఆయనకు మరొక విద్య అబ్బింది. అది చిత్రలేఖనం. తన గ్రంథాలలోని రేఖాచిత్రాలను ఆయన స్వయంగా గీసుకొనేవారు. కావ్యం తెలిసిన కన్ను, గీత తెలిసిన చేయి ఒక్కరిలోనే కలిసి ఉండటం అరుదు. ఆయన పరిశోధనా మార్గమంతా ఈ కలయిక నుండి ఏర్పడినదే.

1851లో స్థాపితమైన మద్రాసు ప్రభుత్వ ప్రదర్శనశాలలో శివరామమూర్తి పురావస్తుశాఖ క్యూరేటరుగా పనిచేశారు. ఆనాడు ఆ సంస్థకు అధిపతి ఎఫ్. హెచ్. గ్రేవ్‌లీ. ఆయన ప్రకృతిశాస్త్రవేత్త. జీవజాతులను లక్షణాలను బట్టి వర్గీకరించే క్రమశిక్షణను ఆయన శిల్పాల పట్టికలకు కూడా వర్తింపజేశారు. ఆయన టి. ఎన్. రామచంద్రన్‌తో కలిసి రూపొందించిన లోహవిగ్రహాల పట్టిక 1932లో వెలువడింది. శివరామమూర్తితో కలిసి దక్షిణ భారత దేవాలయ వాస్తు శిల్పాలపై వ్రాసిన పరిచయగ్రంథం 1939లో వచ్చింది. లక్షణాన్ని ముందు గుర్తించడం, పేరును తరువాత నిర్ణయించడం అనే పద్ధతి శివరామమూర్తి రచనలన్నిటిలోనూ కనిపిస్తుంది.

మద్రాసు ప్రదర్శనశాలలో ఆయన ఎదుట నిలిచిన మహాకార్యం అమరావతి శిల్పసముదాయం. ఆ శిల్పాల పూర్వకథ విషాదకరమైనది. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్టణాన్ని నిర్మిస్తున్న కాలంలో స్తూపం దిబ్బలోని రాళ్ళు భవనాలకు ఉపయోగపడ్డాయి. కాలిన్ మెకంజీ 1797లో ఆ స్థలాన్ని చూచి, తిరిగి 1816లో కొలతలతో చిత్రాలు వ్రాయించారు. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన ఫలకాలు మద్రాసు చేరాయి. వాటిలో ఒక భాగం 1859లో లండనుకు తరలి, చివరకు 1880లో బ్రిటిష్ మ్యూజియం పాలయింది. రాబర్ట్ సూయెల్ 1877లోను, జేమ్స్ బర్జెస్ 1881-82లోను పరిశోధించారు. ఈ రెంటికీ నడుమ 1880లో స్తూపస్థలాన్ని మొత్తంగా తవ్వివేయడంతో ఏ ఫలకం ఎక్కడ ఏ పొరలో ఉన్నదో తెలిపే ఆధారం చాలవరకు నశించింది. ఇలియట్ పాలరాళ్ళని లోకం పిలిచిన ఆ శిలలు నిజానికి పాలరాళ్ళు కావు, పలనాటి సున్నపురాళ్ళు.

స్థలసాక్ష్యం పోయిన తరువాత కాలనిర్ణయానికి మిగిలినవి రెండే ఆధారాలు. ఒకటి రాతిమీది అక్షరం, రెండవది రాతిలోని రూపం. శివరామమూర్తి ఈ రెంటినీ జంటగా పరిశీలించి, మద్రాసు ప్రదర్శనశాలలోని అమరావతి శిల్పాలపై సమగ్ర గ్రంథాన్ని 1942లో ప్రకటించారు. దానశాసనాలలోని బ్రాహ్మీ లిపి పరిణామాన్ని, పులుమావి వంటి శాతవాహన రాజుల పేరున్న శాసనాలను ఆధారంగా గ్రహించి శిల్పాలను నాలుగు దశలుగా విభజించారు. మొదటిది క్రీస్తుపూర్వం 200-100 నడిమి దశ. ఇందులో రూపాలు పలచగా, బిగువుగా, భార్హుత్ శిల్పాలకు చుట్టరికంగా ఉంటాయి. రెండవది క్రీస్తుశకం 100 ప్రాంతపుది. మూడవది 150 ప్రాంతపుది. ప్రాకార స్తంభాలమీది పద్మవలయాలలో జనసమ్మర్దం, లోతు, చలనం పరాకాష్ఠ నందుకొన్నది ఈ దశలోనే. నాల్గవది 200-250 నడిమిది. అప్పటికి శరీరాలు సన్నబడి పొడవైనాయి, ముత్యాల అలంకారం పెచ్చుపెరిగింది.

ఈ గ్రంథం కేవలం కాలపట్టిక కాదు. శిల్పాలలో కనబడే కిరీటాలు, కేశబంధాలు, హారాలు, వీణలు, రథాలు, ఆసనాలు, ఆయుధాలు మొదలైన వాటిని వేరువేరుగా గీసి, ఒక్కొక్కదానికి సాహిత్యంలో ఉన్న పేరును జోడించారు. అంతవరకు ఒక ఆభరణమని మాత్రమే తెలిసిన దానికి నిఘంటువులో ఉన్న నామం లభించింది. అలాగే నిఘంటువులో పేరుగా మాత్రమే మిగిలిన వస్తువుకు రూపం లభించింది. సంస్కృత విద్యార్థికి ఇది గమనింపదగిన అంశం. అమరకోశం కంఠస్థం చేసినవాడు ఆ పదాలను కంటితో చూడగలిగేది ఇటువంటి గ్రంథంలోనే.

కథాఫలకాలలో నలగిరి దమనం చూపిన పద్మవలయం సుప్రసిద్ధం. ఒకే వలయంలో ఒక వైపు మదించిన ఏనుగు రాజగృహ వీథిలో మనుషులను చిందరవందర చేస్తుంది. గవాక్షాలలో స్త్రీలు భయపడుతుంటారు. మరొక వైపు అదే ఏనుగు బుద్ధుని పాదాల వద్ద మోకరిల్లి ఉంటుంది. రెండు ఏనుగులని భ్రమపడే ప్రేక్షకునికి ఇది ఒకే ఏనుగు రెండు క్షణాలలో ఉన్న స్థితి అని చెప్పవలసినది పరిచయవాక్యమే. జగ్గయ్యపేట నుండి వచ్చిన చక్రవర్తి ఫలకం కూడా అటువంటిదే. పిడికిలి ఎత్తిన రాజు, మబ్బుల నుండి రాలే చదరపు నాణేలు, చుట్టూ చక్రం, ఏనుగు, గుర్రం మొదలైన సప్తరత్నాలు. మాంధాత కథ తెలియనివానికి ఈ ఫలకంలోని నాణేల వాన అర్థం కాదు.

శాసనాల పరిశీలన మరొక సత్యాన్ని వెలికి తెచ్చింది. స్తూపాన్ని అలంకరించినవారు రాజులు మాత్రమే కారు. భిక్షుణులు, గృహిణులు, వర్తకులు దాతలుగా కనిపిస్తారు. పూర్ణఘటం చెక్కిన ఒక ఫలకం విధికుడనే చర్మకారుని కుటుంబదానం. పేరున్న ప్రతి రాయీ ఒక మనిషి ఆశను మోసుకొని ఉన్నదని ప్రదర్శనశాల పట్టిక గుర్తుంచుకొనవలసి ఉన్నది.

అదే 1942లో కాళిదాస కవిత్వం ప్రేరణగా గల శిల్పాలను గురించి, 1945లో కాళిదాస కావ్యాలకు నాణేలలోని సాదృశ్యాలను గురించి శివరామమూర్తి రచనలు వచ్చాయి. కుమారసంభవంలో గంగాయమునలు రూపం ధరించి వింజామరలతో శివుని సేవిస్తాయి. గుప్తుల కాలం నుండి దేవాలయ ద్వారాలకు ఇరువైపులా నిలిచిన నదీదేవతలను ఈ వర్ణనతో పోల్చి చూడవచ్చు. మేఘసందేశంలో యక్షుని ఇంటి ద్వారం మీద శంఖపద్మాల రూపాలున్నాయి. శిల్పంలో ఇవే నిధిమూర్తులు. సముద్రగుప్తుని వీణావాదన నాణెం, అశ్వమేధ నాణెం, వాటిమీది సంస్కృత లేఖనాలు కావ్యాలలోని రాజవర్ణనకు దగ్గరి బంధువులు. ఈ దృష్టికి పరిపక్వరూపం 1955లో భారత పురావస్తుశాఖ ప్రచురించిన సంస్కృత సాహిత్యము - కళలను గూర్చిన గ్రంథం. సాహిత్యం, శిల్పం ఒకే సంస్కృతికి రెండు అద్దాలని దాని సిద్ధాంతం.

ఈ పద్ధతికి ఒక ప్రమాదం లేకపోలేదు. అమరావతి శిల్పి కాళిదాసుకు పూర్వుడు. తరువాతి శ్లోకాన్ని ముందటి శిల్పానికి ఆధారంగా చూపితే కాలక్రమం తలక్రిందులవుతుంది. పైగా విస్తారమైన సంస్కృత వాఙ్మయంలో వెదికితే ఏ శిల్పానికైనా ఏదో ఒక శ్లోకం సరిపోయేటట్లు కనిపించవచ్చు. కవి శిల్పికి ఉపదేశించాడని కాక, ఇద్దరూ ఒకే సంప్రదాయపు భాండారం నుండి గ్రహించారని అర్థం చేసికొన్నప్పుడే ఈ పోలిక నిలుస్తుంది. శివరామమూర్తి రచనలలో బలమైన భాగాలు ముందు అక్షరంతో కాలాన్ని, గీతతో రూపాన్ని స్థిరపరచి, ఆ తరువాత శ్లోకాన్ని పిలిచినవి. శ్లోకమే ముందు నడిచిన చోట పాఠకుడు జాగరూకుడై ఉండాలి.

రూపలక్షణాలనుబట్టి దేశకాలాలను నిర్ణయించే విధానాన్ని 1950లో వచ్చిన ఆయన వ్యాసం స్పష్టంగా నిరూపించింది. పల్లవుల నాటి విష్ణుమూర్తి చేతిలో చక్రం అంచు ముందుకు తిరిగి, ప్రయోగానికి సిద్ధంగా ఉంటుంది. శంఖచక్రాలకు అగ్నిజ్వాలలుండవు. చోళుల నాటికి జ్వాలలు వచ్చి చేరుతాయి. పల్లవ మూర్తులలో యజ్ఞోపవీతం కుడిచేతి మీదుగా పోవడం మరొక గుర్తు. ఇటువంటి చిన్న వివరాలే అనామక విగ్రహానికి ఊరూ కాలమూ కల్పిస్తాయి. రాజుల దండయాత్రలు కళారూపాలను ఒక సీమ నుండి మరొక సీమకు ఎట్లా చేరవేస్తాయో 1955లో ప్రకటించిన మరొక రచనలో వివరించారు. చోళ రాజాధిరాజు కల్యాణపురాన్ని జయించి తెచ్చిన ద్వారపాలక విగ్రహం, దాని పీఠంపై ఆ విషయాన్ని తెలిపే శాసనంతో, దారాసురంలో నిలిచింది. చాళుక్య శిల్పం చోళదేశపు శిల్పుల కంటి ముందుకు వచ్చిన తీరుకు అది ప్రత్యక్ష నిదర్శనం. తూర్పు చాళుక్యుల తొలినాటి శిల్పాన్ని గురించి 1962లో వెలువడిన గ్రంథం, దక్షిణ భారత లిపుల పరిణామాన్ని వివరించే 1952 నాటి శాసనలిపి గ్రంథం ఆంధ్ర చరిత్ర విద్యార్థులకు ప్రత్యేకంగా ఉపయోగపడేవి.

మద్రాసు తరువాత ఆయన భారత పురావస్తుశాఖ సేవలో ప్రవేశించారు. కలకత్తాలోని ఇండియన్ మ్యూజియం పురావస్తు విభాగానికి 1954లో మార్గదర్శిని రచించారు. అనంతరం ఢిల్లీ జాతీయ ప్రదర్శనశాలలో పనిచేసి, దాని సంచాలక పదవిని అలంకరించారు. 1968లో పద్మశ్రీ, 1975లో పద్మభూషణ్ పురస్కారాలు లభించాయి. జవహర్‌లాల్ నెహ్రూ ఫెలోషిప్ ఫలితంగా నటరాజతత్త్వంపై ఆయన రచించిన బృహద్గ్రంథం 1974లోను, విష్ణుధర్మోత్తరంలోని చిత్రసూత్రంపై గ్రంథం 1978లోను వెలువడ్డాయి. 1983లో ఆయన పరమపదించారు.

పరిశోధనలో తుదిమాట ఉండదు. 1973-74లో ఐ. కె. శర్మ అమరావతిలో జరిపిన తవ్వకాలు స్తూపపు తొలిదశను గురించి కొత్త ఆధారాలు తెచ్చాయి. 2013లో అకీరా షిమాడా గ్రంథం సున్నపురాతి ప్రాకారపు ఆరంభాన్ని శివరామమూర్తి తలచినదానికంటె ప్రాచీనమని వాదించింది. ఆయన నిర్ణయించిన కాలాలు ఈ విధంగా సవరణకు లోనైనప్పటికీ, ఆ సవరణ చేసేవారు కూడా 1942 నాటి పట్టికను ముందుంచుకొనే తమ వాదం ఆరంభింపవలసి వచ్చింది. వివరాన్ని దాచకుండా, చిత్రంతో సహా నమోదు చేసిన పనికి ఈ గౌరవం దక్కుతుంది.

ఓరుగల్లు సీమకు ఈ మార్గం ఎంతో ప్రయోజనకరం. గణపతిదేవుని గజసాహిణి జాయపసేనాని సంస్కృతంలో నృత్తరత్నావళిని రచించాడు. ఆ గ్రంథాన్ని రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ తెలుగులోనికి తెచ్చారు. అదే ప్రభువు కాలంలో 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో రామప్ప గుడిని నిర్మించాడు. అక్కడి నర్తకీ శిల్పాలను, ఆ గ్రంథంలోని లక్షణాలను పక్కపక్కన పెట్టి చూచే పరిశోధకుడు గుడి ముందు, గ్రంథం తరువాత అన్న కాలక్రమాన్ని మరువరాదు. శివరామమూర్తి మార్గంలోని మేలూ, దాని హద్దూ రెండూ ఇక్కడ ఒకేసారి బోధపడతాయి. నెక్కొండ వంటి ఊళ్ళ నుండి వచ్చి ప్రాచ్యభాషలు అభ్యసించే విద్యార్థికి సంస్కృతం పాఠశాల ఉద్యోగానికి మాత్రమే అక్కరకు వస్తుందన్న అభిప్రాయం బలంగా ఉన్నది. వ్యాకరణం, కావ్యం, లిపి, రేఖ ఈ నాలుగింటినీ సాధించిన ఒక పండితుడు ప్రదర్శనశాలలోని మూగశిలలకు పేరు, ఊరు, కాలం తిరిగి ఇచ్చిన చరిత్ర ఆ అభిప్రాయానికి తగిన సమాధానం. చెరువుగట్టున, గుడి ముంగిట పడివున్న విగ్రహాలు నేటికీ అటువంటి చదువరి కొరకే వేచి ఉన్నాయి.