మౌనానికి రంగులద్దిన షార్లెట్ సాలమన్

ఆన్ ఫ్రాంక్ డైరీ గురించి మనలో చాలామందికి తెలుసు. అదే కాలంలో, అదే ఆపదలో తన కుటుంబ కథను బొమ్మలుగా గీసిన మరో యూదు యువతి షార్లెట్ సాలమన్. ఆమె జీవితాన్ని మన హాస్టల్ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పరిచయం చేయాలన్నదే మా ప్రయత్నం.

షార్లెట్ 1917 ఏప్రిల్ 16న జర్మనీలోని బెర్లిన్‌లో జన్మించింది. అది మొదటి ప్రపంచయుద్ధ కాలం. తండ్రి ఆల్బర్ట్ సర్జన్, తల్లి ఫ్రాన్సిస్కా నర్సు. యుద్ధ సేవలోనే వారికి పరిచయమైంది. 1913లో చనిపోయిన పిన్ని పేరే ఈమెకు పెట్టారు. 1926లో తల్లి మరణిస్తే, ఫ్లూ జ్వరంతో పోయిందని ఎనిమిదేళ్ల పిల్లకు చెప్పారు.

1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. యూదులకు చదువుల తలుపులు మూసుకుపోతున్నా, షార్లెట్ బెర్లిన్ చిత్రకళా విద్యాలయంలో సీటు సంపాదించింది. 1938 నవంబరు దాడుల తర్వాత తండ్రిని నిర్బంధ శిబిరంలో పెట్టారు. 1939లో ఆమెను ఫ్రాన్స్‌లో ఉన్న అమ్మమ్మ, తాతయ్యల దగ్గరికి పంపారు.

మళ్లీ యుద్ధం వచ్చింది. 1940లో అమ్మమ్మ ఆత్మహత్య చేసుకుంది. పిన్ని, తల్లి కూడా అలాగే పోయారని తాతయ్య అప్పుడు బయటపెట్టాడు. ఆమెకు ఇరవై మూడేళ్లు నిండబోతున్నాయి. ఇప్పుడు మా వయసూ అంతే.

ఆ తర్వాత గుర్స్ శిబిరంలో నిర్బంధం కూడా అనుభవించింది. బయటికొచ్చాక కుంచె పట్టింది. ఎరుపు, నీలం, పసుపు, ఈ మూడు రంగులనే కలుపుకుంటూ 1942 నాటికి వెయ్యికి పైగా బొమ్మలు వేసింది. వాటిలో 769 ఏరి, మాటలూ పాటల సూచనలూ చేర్చి, 'జీవితమా? లేక నాటకమా?' అని పేరు పెట్టింది. ఇంట్లో దాచిన చావులన్నీ అందులో ఉన్నాయి. ఆ బొమ్మలను ఊరి డాక్టరుకు అప్పగించింది.

1943 అక్టోబరులో నాజీలు ఆమెను ఆష్విట్జ్‌లో చంపేశారు. అప్పటికామె గర్భవతి. వయసు 26. ప్రాణాలతో మిగిలిన తండ్రికి, సవతి తల్లికి 1947లో ఆ బొమ్మలు చేరాయి. ప్రస్తుతం అవి ఆమ్‌స్టర్‌డామ్ యూదు మ్యూజియంలో ఉన్నాయి.

మిత్రులారా! మా తాత వెట్టి చేసిన సంగతి, మేము డిగ్రీ పాసయ్యాకే నాన్న మాకు చెప్పారు. మన ఇళ్లలోనూ చెప్పని కథలు ఎన్నో! సెలవులకు వెళ్లినప్పుడు అడగండి, నోటుబుక్కులో రాసుకోండి. మనసు బరువైన రోజున పక్క మంచం మిత్రుడికైనా చెప్పండి. ఒంటరిగా మోయకండి.