మనసెరిగిన మాస్టారు రహీమ్ సాబ్

సబా అల్ సలేం (కువైట్): శుక్రవారం వస్తే మన పిల్లలు బంతి పట్టుకుని మైదానానికి పరిగెడతారు. గీత అవతల నిలబడి వాళ్లకంటే ఎక్కువగా అరిచేది మనమే. గోల్ తప్పిన పిల్లాడు ముందుగా చూసేది బంతి వైపు కాదు, నాన్న ముఖం వైపు. అలా చూసినప్పుడల్లా నాకు మన హైదరాబాద్ మాస్టారు సయ్యద్ అబ్దుల్ రహీమ్ గుర్తొస్తారు.

రహీమ్ 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, బడిపంతులుగా జీవితం మొదలుపెట్టారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. 1950లో సిటీ పోలీస్ జట్టు శిక్షణ చేపట్టారు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా 5 సార్లు రోవర్స్ కప్ గెలిచింది.

క్రీడా మనస్తత్వ శాస్త్రం అప్పటికింకా పసిబిడ్డ. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో కోల్‌మన్ గ్రిఫిత్ 1925లో ప్రయోగశాల తెరిచినా, అది 1932లోనే మూతపడింది. రహీమ్ సాబ్‌కు ప్రయోగశాల లేదు, ఉన్నదల్లా బడి మైదానమే. డ్రిబ్లింగ్ చేయకూడదన్న నిబంధనతో ఒక పోటీ, బలహీనమైన కాలితోనే తన్నాలని మరో పోటీ పెట్టేవారు. పిల్లలు ఆడుకుంటూనే తమ లోపాన్ని దిద్దుకునేవారు. సికింద్రాబాద్ అమ్ముగూడకు చెందిన పేదింటి కుర్రాడు తులసీదాస్ బలరామ్ సాధనకు రాలేకపోతే, సైకిల్ అద్దెకు డబ్బులు తానే ఇచ్చారు. ఆ కుర్రాడే తర్వాత దేశం గర్వించే ఫార్వర్డ్ అయ్యాడు.

అన్నీ విజయాలే కావు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చిన జట్టే 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది. అంత చలిలో మనవాళ్లు పలువురు వట్టి కాళ్లతో ఆడారు. రహీమ్ సాబ్ కుంగిపోకుండా మళ్లీ జట్టు కట్టారు. 1956 మెల్‌బోర్న్‌లో భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీస్ చేరిన తొలి ఆసియా దేశమైంది. చివరికి నాలుగో స్థానంలో నిలిచింది.

అసలు పరీక్ష 1962 జకార్తాలో ఎదురైంది. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వని వివాదంలో భారత ప్రతినిధి గొంతెత్తడంతో స్థానికులు మన జట్టుపై కోపంగా ఉన్నారు. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో ఓటమి. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు కుట్లు. గోల్‌కీపర్ తంగరాజ్‌కు జ్వరం. రహీమ్ సాబ్‌ను క్యాన్సర్ తినేస్తోంది.

ఆయన జర్నైల్‌ను పక్కన కూర్చోబెట్టలేదు, సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. జ్వరం నుంచి లేచిన తంగరాజ్‌కు ఫైనల్లో గోల్ అప్పగించారు. సెప్టెంబర్ 4న దాదాపు లక్షమంది ఎగతాళి అరుపుల మధ్య అదే కొరియాపై భారత్ 2-1తో గెలిచింది. గోల్స్ చేసింది పీకే బెనర్జీ, జర్నైల్. దెబ్బతిన్నవాడిపై ఉంచిన నమ్మకమే ఆ రోజు స్వర్ణమైంది.

తర్వాత ఏడాది కూడా తిరగకుండానే, 1963 జూన్ 11న రహీమ్ సాబ్ కన్నుమూశారు. ఆసియా క్రీడల్లో భారత ఫుట్‌బాల్‌కు మళ్లీ స్వర్ణం రాలేదు.

పెద్దల ఒత్తిడి, ఓటమి భయం పిల్లల్ని ఆటకు దూరం చేస్తాయని తర్వాతి రోజుల్లో విశ్వవిద్యాలయాల పరిశోధనలు చెప్పాయి. చిన్న జట్లుగా ఆడిస్తే ప్రతి బిడ్డకూ బంతి ఎక్కువసార్లు అందుతుందనీ తేల్చాయి. పరాయి దేశంలో పెరిగే మన పిల్లలకు స్నేహాలు దొరికేది ఎక్కువగా మైదానంలోనే. అక్కడా మార్కుల లెక్కే అయితే వాళ్లు బూట్లు విప్పేసి ఫోన్ పట్టుకుంటారు.

అందుకే వచ్చే శుక్రవారం గోల్ తప్పిన బిడ్డ మన వైపు తిరిగినప్పుడు, ఆ ముఖానికి కనిపించాల్సింది కోపం కాదు. ఇంకోసారి తన్నమనే ధైర్యం.