వ్యసనాన్ని గెలిచిన సాక్సోఫోన్

1957లో జాన్ కోల్ట్రేన్ ఉద్యోగం ఊడింది. అమెరికా జాజ్ సంగీతంలో పేరున్న మైల్స్ డేవిస్ బృందంలో ఆయన సాక్సోఫోన్ వాయించేవారు. చేతిలో విద్య ఉన్నా హెరాయిన్, మద్యం ఆయన్ను పట్టి పీడించాయి.

1926 సెప్టెంబర్ 23న నార్త్ కరోలినాలోని హామ్లెట్‌లో పుట్టిన కోల్ట్రేన్ పన్నెండేళ్లకే తండ్రిని పోగొట్టుకున్నారు. యువకుడిగా ఫిలడెల్ఫియా చేరారు. ఉద్యోగం పోయాక ఆ ఊళ్లోని ఇంట్లోనే పట్టుబట్టి మత్తు మానేశారు. మళ్లీ గంటల తరబడి సాధన. అదే ఏడాది ‘బ్లూ ట్రెయిన్’ రికార్డు చేశారు. బ్లూస్, చర్చి పాటల ఛాయలున్న ఊపైన జాజ్‌ను హార్డ్ బాప్ అంటారు. ఆ బాణీలో ఇదో మేలుబంతి. 1960లో ‘జెయింట్ స్టెప్స్’ వచ్చింది. 1964 డిసెంబర్‌లో దేవుడికి కృతజ్ఞతగా ‘ఎ లవ్ సుప్రీమ్’ వాయించారు.

పేరొచ్చింది కదా అని అక్కడే ఆగలేదు. 1965లో పదకొండు మందితో ‘అసెన్షన్’ చేసి పాత కట్టుబాట్లు తెంచేశారు. చాలామంది అభిమానులకు అది మింగుడుపడలేదు. పియానో వాయించే మెకాయ్ టైనర్, డ్రమ్స్ వాయించే ఎల్విన్ జోన్స్ బృందం వదిలి వెళ్లిపోయారు. అయినా ఆయన వెనక్కి తిరగలేదు.

మన సితార్ విద్వాంసుడు రవిశంకర్ అంటే ఆయనకు ఎంతో గౌరవం. అందుకే కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్నారు. 1967 జులై 17న కాలేయ కేన్సర్‌తో నలభై ఏళ్లకే కన్నుమూశారు. అప్పటికి రవికి రెండేళ్లు కూడా నిండలేదు. పెద్దయ్యాక ఆయనా సాక్సోఫోనే పట్టారు.