సొన్నలిగె సిద్ధరామేశ్వరుడు: కర్తృత్వ త్యాగము

పాపము బంధమని చెప్పినచో ఎల్లరును అంగీకరింతురు. పుణ్యము కూడ బంధమగునని చెప్పినచో చెవియొగ్గువారు తక్కువ. చెరువు త్రవ్వించినవానికి, గుడి కట్టించినవానికి, పదిమందికి అన్నము పెట్టినవానికి నేను చేసితినను భావము మెల్లగా అంటుకొనును. అది అంటుకొన్న సంగతి అతనికే తెలియదు. 12వ శతాబ్దియందలి శివశరణులలో ఈ బంధమును నిండుగా అనుభవించి, నిండుగా త్రెంచుకొన్న మహనీయుడు సిద్ధరామేశ్వరుడు.

సొన్నలిగె యనునది నేటి మహారాష్ట్రమందలి షోలాపురము. అచ్చట ముద్దుగౌడుడు, సుగ్గవ్వ యను దంపతులకు సిద్ధరాముడు జన్మించెను. ఈ శిశువు మహిమను రేవణసిద్ధేశ్వరుడు ముందుగనే సూచించెనని శరణచరిత్రలు చెప్పును. ఐనను బాల్యమున అతడు తోడి పిల్లలతో ఆడక, మాటలాడక, ఊరివారి కంటికి మందమతివలె కనబడెను. తండ్రి పసులకాపునకు పంపెను. పసులు మేయుచుండగా బాలుడు శివధ్యానమున మునిగియుండెడివాడు.

ఒకనాడు కొఱ్ఱచేని కడ ఒక జంగమమూర్తి కానవచ్చెను. తన పేరు మల్లయ్య యనియు, తన ఊరు శ్రీశైలమనియు చెప్పెను. బాలుడు లేత కొఱ్ఱవెన్నులు కాల్చి సమర్పించెను. ఆ వేడి చల్లారుటకు పెరుగన్నము కావలెనని జంగముడు కోరగా, బాలుడు ఇంటికి పరుగెత్తి తల్లిని అడిగి తెచ్చెను. వచ్చి చూచునప్పటికి చేనిలో ఎవ్వరును లేరు. మల్లయ్యా, మల్లయ్యా యని పిలుచుచు ఏడ్చుచు తిరుగుచున్న ఆ బాలుని శ్రీశైలయాత్రకు పోవు భక్తులు చూచి, మల్లయ్యను చూపెదమని తమ వెంట గొనిపోయిరి. కొండమీది గుడిలో వారు చూపినది లింగమును. బాలుడు కోరినది పెరుగన్నమడిగిన మనిషిని. ఇతడు నా మల్లయ్య కాడని తలచి, అడవులలో వెదకి వేసారి, తుదకు లోయలో దుముకబోయెను. అప్పుడు మల్లికార్జునుడే ప్రత్యక్షమై చేయిపట్టి నిలిపెననియు, సొన్నలిగెకు మరలిపోయి దానిని రెండవ శ్రీశైలముగా చేయుమని ఆజ్ఞాపించెననియు గాథ. కన్నడ మహాకవి రాఘవాంకుడు సిద్ధరామచరిత్రమున ఈ ఘట్టమును విస్తరించి వర్ణించెను.

ఇచ్చట గమనింపదగినది ఒకటి కలదు. లోయ అంచున నిలిచిన బాలునియందు తనదను పట్టు ఏమియు లేదు. తరువాత అతడు చేసిన పనులన్నియు ఆ ఆజ్ఞనుండి పుట్టినవే. పని యొకరిది, చేయి మాత్రమే తనది. ఆరంభము ఇంత శుద్ధమైనది.

సొన్నలిగెలో మల్లికార్జునునకు ఆలయము లేచెను. ఊరిచుట్టును 68 లింగములు ప్రతిష్ఠింపబడెను. కఱవునేలలో నీటికొఱకు పెద్ద చెరువు త్రవ్వుట మొదలయ్యెను. సత్రములు వెలసెను. పేదలకు వివాహములు చేయించెనని కూడ చెప్పుదురు. వేలమంది పనివారు మట్టి మోయుచుండిరి. పూట పూటకు వారికి అన్నము వండబడుచుండెను. సిద్ధరాముని పేరు నలుదెసల వ్యాపించెను. ఏండ్లు గడచినకొలది మల్లికార్జునుని చెరువు సిద్ధరాముని చెరువుగా మారెను. జనులు అట్లు పిలుచుట సహజమే. ఆ పిలుపు అతని లోపల కూడ నాటుకొనుటయే చిక్కు.

ఆ సమయమున అల్లమప్రభువు సొన్నలిగెకు వచ్చెను. చెరువుగట్టున నిలిచి, మట్టి త్రవ్వువాడైన ఆ ఒడ్డెసిద్ధరాముడు ఎచ్చట నున్నాడని పనివారినే అడిగెను. తమ గురువును అట్లనుటకు వారు సహింపక రాళ్లు రువ్విరి. రాళ్లు కుప్పవడినవేకాని ప్రభువును తాకలేదని శూన్యసంపాదన చెప్పును. వార్త విని సిద్ధరాముడు క్రోధముతో వచ్చెను. అతని నొసటి కన్నునుండి అగ్ని వెలువడి ఊరిని కాల్చునట్లుండెనట. ఆ మంట ప్రభువు పాదములకడ చల్లారిపోయెను.

శరణధర్మమున మట్టి త్రవ్వుట నీచము కాదు. అది కాయకము, చెప్పులు కుట్టుటయు, బట్ట నేయుటయు, పడవ నడుపుటయు కాయకములే. అట్లుండగా మట్టి త్రవ్వువాడన్న మాటకు సిద్ధరామునకు కోపమేల రావలెను? త్రవ్వుచున్నది మల్లయ్య ఆజ్ఞయే యైనచో ఆ మాట ఎవరికి తగులును? తగులుటకు లోపల ఒకడు కూర్చుండియుండుటచేతనే తగిలెను. అల్లముడు వేసిన మాట వైద్యుడు నొక్కి చూచిన వ్రేలివంటిది. నొప్పి యున్నచోటనే అది నొప్పించెను. చెరువును పూడ్చుమని ప్రభువు చెప్పలేదు, గుడిని కూల్చుమనియు చెప్పలేదు. చేసినవాడెవడో వెదకి చూచుకొమ్మని మాత్రమే బోధించెను. ఫలముకొఱకు చేసినది ఫలముతోనే తీరిపోవుననియు, స్వర్గమైనను తిరిగివచ్చు త్రోవయేయనియు ఆ బోధసారము.

సిద్ధరాముడు అల్లమునితో కల్యాణమునకు బయలుదేరెను. కలచురి బిజ్జలుని భాండాగారమును చూచుచున్న బసవేశ్వరుడు అచ్చట కూడలసంగమదేవుని సేవకుడనని మాత్రమే తన్ను చెప్పుకొనుచు శరణులకు దాసోహము చేయుచుండెను. వేలకొలది జంగములకు అన్నము పెట్టుచున్నను, పెట్టువాడను నేనని యెంచక తన్ను అందరికంటె చిన్నవానిగా తలచెడి గృహస్థుని చూచుట సిద్ధరామునకు కొత్త. తాను సొన్నలిగెలో చేసినదియు అదియే. చేసిన తీరు వేరు.

అచ్చట మరియొక పరీక్ష వచ్చెను. సిద్ధరామునకు ఇష్టలింగము లేదు. అతడు యోగి, ప్రాణమునందే లింగమును దర్శించితినని నమ్మినవాడు. మెడయందు లింగము ధరించుట ఇంకను తెలియనివారికి కాని తనకేల యని వాదించెను. ఆ వాదము తేలికయైనది కాదు. అనుభవమంటపమున దానిపై దీర్ఘచర్చ జరిగెను. లోపలి దర్శనము నిజమేయైనను, నాకు దర్శనమైనదనువాడు ఇంకను మిగిలియున్నాడు కదా యనునది శరణుల అభిప్రాయము. చెరువు కట్టితిననుటకంటె యోగము సాధించితిననుట సూక్ష్మతరము, అందుచేతనే కఠినతరము.

తుదకు అతడు దీక్ష స్వీకరించెను. ఇచ్చినవాడు బసవేశ్వరుని మేనల్లుడు చెన్నబసవేశ్వరుడు, వయసున చాల చిన్నవాడు. 68 లింగములను ప్రతిష్ఠించిన ప్రసిద్ధపురుషుడు అరచేతిలో ఒక చిన్న లింగమును యువకుని చేతినుండి గ్రహించుటకు శిరము వంచెను. సిద్ధరాముని జీవితమున ఇంతకు మించిన నిర్మాణము వేరొకటి లేదు. శ్రీశైలమున లోయ అంచున దేహమును వదలబోయిన సాహసముకంటె ఇది పెద్దది. అప్పుడు వదలుటకు పేరు లేదు, ప్రతిష్ఠ లేదు.

తరువాతి కథ క్లుప్తము. కల్యాణమున విప్లవము చెలరేగి శరణులు చెదరిపోయిరి. అల్లమప్రభువు, చెన్నబసవేశ్వరుల తరువాత శూన్యసింహాసనమున మూడవ అధిపతిగా సిద్ధరాముని గణింతురు. వేయికి పైగా వచనములు అతని పేర నిలిచినవి. వాని ముద్రిక కపిలసిద్ధమల్లికార్జునుడు. తన్నుకంటె చిన్నవాడైన చెన్నబసవేశ్వరుని గురువుగా కీర్తించు వచనములు వానిలో కలవు. పెరుగన్నమడిగి మాయమైన మల్లయ్య పేరు ముద్రికలో నిలువగా, చెరువు కట్టించినవాని పేరు అందులో లేదు.

కడపట అతడు సొన్నలిగెకు మరలివచ్చి అచ్చటనే లింగైక్యమందెను. ఆ చెరువు నేటికిని కలదు. నడుమ ఆలయమును, సిద్ధరాముని సమాధియు ఉన్నవి. ఒక కుమ్మరి కన్య అతనిని వరింపగోరగా, తాను లింగమునకు చెందినవాడనని చెప్పి తన యోగదండముతో వివాహము జరుపుకొమ్మనెననియు ఒక గాథ కలదు. ఏటేట మకరసంక్రాంతికి ఆ గాథను స్మరించుచు, 7 నందిధ్వజములతో 68 లింగములను చుట్టివచ్చు జాతర జరుగును. మగ్గముల పనికై తెలుగునేలనుండి తరతరముల క్రిందట షోలాపురము చేరిన నేతకుటుంబములును ఆనాడు చెరువుగట్టున నిలిచి ఆ నందిధ్వజములను దర్శించును.