కొరియోలిస్: తిరిగే చక్రం లెక్క తేల్చిన ఇంజనీరు

శివ్వంపేట నుంచి ఏడుపాయల జాతరకు పోయేవాళ్లకు రంగులరాట్నం కొత్తేమీ కాదు. తిరుగుతున్న పలక మీద మధ్య నుంచి అంచుకు నడిస్తే ఎవరో పక్కకు తోసినట్టు ఉంటుంది. ఆ తోపుకు లెక్క కట్టిన మనిషి గస్పార్ గుస్తావ్ కొరియోలిస్.

1792 మే 21న పారిస్‌లో పుట్టాడు. ఫ్రెంచి విప్లవం దెబ్బకు కుటుంబం నాన్సీ పట్టణం చేరింది. 1808లో ఎకోల్ పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షలో రెండో ర్యాంకు కొట్టాడు. తర్వాత రోడ్లు, వంతెనల ఇంజనీరు. తండ్రి పోయాక ఇంటి భారం మీద పడింది. ఆరోగ్యం అంతంతమాత్రం. 1816లో పాలిటెక్నిక్‌లోనే ట్యూటర్‌గా చేరాడు.

ఆయన పట్టుదల ఒక్కటే: యంత్రాలు కట్టేవాళ్లకు పనికొచ్చే గణితం కావాలి. 1829లో అచ్చయిన పుస్తకంలో బలాన్ని దూరంతో గుణిస్తే వచ్చేదానికి 'పని' అనే పేరు స్థిరపరిచాడు. మనం బట్టీ పట్టే అర ఎంవీ స్క్వేర్‌లో ఆ 'అర' ఆయన చలవే.

1835లో నీటి చక్రాల్లాంటి తిరిగే యంత్రాల మీద వ్యాసం రాశాడు. అందులో తేలిందే టూ ఎం ఒమేగా వీ. ఆ రెండు ఎక్కడిది? అంచు వైపు నడుస్తుంటే మీ నడక దిశను చక్రం తిప్పేస్తుంది, అది ఒక వంతు. బయటికి పోయేకొద్దీ కాళ్ల కింద పలక వేగం పెరుగుతుంది, ఇంకో వంతు. ఆరు సెకన్లకో చుట్టు తిరిగే రాట్నం మీద 60 కిలోల మనిషి సెకనుకు మీటరు చొప్పున నడిస్తే పక్క తోపు సుమారు 126 న్యూటన్లు. అంటే దాదాపు 13 కిలోల బరువంత! పట్టుకోడానికి కడ్డీ ఉండాల్సిందే.

అదే ఏడాది బిలియర్డ్స్ బంతుల గణితం మీదా పుస్తకం తెచ్చాడు. 1838లో పాలిటెక్నిక్‌లో చదువుల డైరెక్టర్ అయ్యాడు. 1843 సెప్టెంబర్ 19న, 51 ఏళ్లకే పోయాడు.

ఆ వ్యాసంలో భూమి తిరుగుడు ఊసే లేదు, గాలి ఊసూ లేదు. వాతావరణ శాస్త్రవేత్తలు ఆ పేరును గాలులకు తగిలించింది ఎన్నో ఏళ్ల తర్వాత. బంగాళాఖాతం తుఫాను ఎప్పుడూ గడియారానికి ఎదురుగానే ఎందుకు తిరుగుతుందో చెప్పాలంటే ఇవాళ ఆ లెక్కే దిక్కు. మర చక్రం సరిగ్గా తిరిగితే చాలనుకున్న మనిషి పని మన తీరం దాకా వచ్చింది. ఫార్ములా రాసేటప్పుడు ఆ పేరు వెనక మనిషినీ ఒకసారి తలుచుకోండి.